సమానంగా అణిగిన రెండు దిళ్లు

అమ్మా,

నాన్న పోయాక, సాయంత్రం నేను ఫోన్ చేసినప్పుడల్లా పనుందంటూ ఎందుకు పెట్టేసేదానివి? ఒంటరి మనిషికి ఆ వేళ ఏం పనుంటుందని నాకు ఏళ్లుగా అనుమానం.

రేపు నీ సంవత్సరీకం. చుట్టాలు కూర్చుంటారు కదా అని సర్కండా కాలనీలోని మన ఇంట్లో నీ సోఫా దిళ్లు బాగుచేస్తున్నాను. కవర్లు విప్పి, స్పాంజిని డాబా మీద ఎండబెట్టి, చుట్టూ నీ పాత నూలు చీరలు చుట్టి మళ్లీ జిప్పు లాగాను. నువ్వు ఒక్కదానివే ఉన్న ఇంట్లో, నేను విప్పేటప్పటికి రెండు దిళ్లూ సమానంగా అణిగిపోయి ఉన్నాయి.

సాయానికొచ్చిన పక్కింటి పిన్నిని అడిగాను, "సాయంత్రాలు అమ్మ దగ్గరికి ఎవరైనా వచ్చేవారా?" అని.

"ఏటే, సీఐడీలా అడుగుతన్నావు? ఎవలొస్తారు? మీయమ్మ వారానికోసారి దిళ్లు అటుదిటు, ఇటుదటు మార్చీసీది. ఒకటే అణిగిపోద్దని" అంది, నావైపు చూడకుండా.

నేను అడిగింది మనుషుల గురించి. ఆవిడ చెప్పింది దిళ్ల గురించి.

అరిగిన సబ్బుముక్క కూడా పారేయని దానివి, మార్చే ఉంటావు. కానీ నీ కర్మల రోజున నాన్న స్నేహితుడు, ఆ రిటైరైన రైల్వే గార్డు మావయ్య, ఎవరినీ అడగకుండా మన వంటింట్లో గ్లాసు తీసుకుని నీళ్లు తాగారు. గ్లాసులు ఏ అరలో ఉన్నాయో నేను వెతుక్కుంటున్న రోజది.

పిన్ని మాట నిజమైతే, అన్నేళ్లూ నీ పక్కన ఎవరూ లేరు. అబద్ధమైతే, ఒకరున్నారు, నాకు చెప్పలేదు. ఈ రెంటిలో నేను ఏది కోరుకుంటున్నానో నాకింకా తేలలేదు.