అక్క మొక్కు, తమ్ముడి స్టెంటు

జగ్గయ్యపేట

అక్కయ్యకి తమ్ముడు బుల్లిబాబు నమస్కరించి రాస్తున్నాను.

గుండెలో స్టెంటు వేసి ఇంటికి పంపారు. ఫోనులో అందరితో వాదిస్తున్నానని నీ మరదలు సుబ్బమ్మ దాన్ని బీరువాలో పెట్టి తాళం వేసింది. అందుకే ఉత్తరం. మంచం మీద కాలు నిలవడం లేదు. నెత్తురు గడ్డకట్టకుండా మాత్రలిచ్చి, ఏడాదిపాటు ఒక్క పూట కూడా మానొద్దన్నాడు డాక్టరు. గడ్డం గీసుకుంటే తెగిన గాటు నుంచి నెత్తురు ఎంతకీ ఆగలేదు. నువ్వు మొక్కిన వేదాద్రి గుండు వచ్చే ఏడాది చేయించుకుంటాను.

ఇట్లు, బుల్లిబాబు

తా.క. నెత్తురు చూసి పడిపోయింది సుబ్బమ్మ. ఇప్పుడు ఇద్దరం మంచం మీదే ఉన్నాం.

నందిగామ

చిరంజీవి బుల్లిబాబుకి అక్క పున్నమ్మ ఆశీస్సులు.

వాయిదాలు వెయ్యడానికి నరసింహస్వామి ఏమన్నా కోర్టు గుమస్తానా? నువ్వు బతికితే నెల తిరక్కుండా నీ తలనీలాలు ఇప్పిస్తానని మొక్కాను. మొక్కు తప్పితే నీకేమవుతుందోనని నాకు కంటి మీద కునుకు లేదు. శనివారం గుండు. ఈలోగా మాత్రలు ఆపు, నెత్తురు మామూలైపోతుంది.

ఇట్లు, అక్క

తా.క. డాక్టరుకి చెప్పకు. వాళ్లు ప్రతిదానికీ కంగారు పడతారు.

విజయవాడ, ఆసుపత్రి

అక్కయ్యకి నమస్కారాలు.

నువ్వు చెప్పినట్టే మాత్రలు ఆపాను. శుక్రవారం వేదాద్రికి సంచి సర్దుతుంటే గుండెల్లో రోకలితో దంచినట్టయింది. స్టెంటులో నెత్తురు గడ్డకట్టిందట. అంబులెన్సు నందిగామ దాటుతుంటే ఇక నిన్ను చూడననుకున్నాను. గడ్డ తీసి ఇంకో స్టెంటు వేశారు. గుండె దెబ్బతింది, ఇక బరువు పనులు చెయ్యకూడదట. నీ మీద కోపం లేదు గానీ, మాత్రలు మాత్రం ఇక మానను.

ఇట్లు, బుల్లిబాబు

తా.క. ఆపమన్నదెవరని డాక్టరు నిలదీశాడు. నందిగామలో ఒక స్పెషలిస్టు అన్నాను. ఏం చదివాడని అడుగుతున్నాడు.

నందిగామ

తమ్ముడికి దీవెనలు.

నీ ఉత్తరం చదివాక ముద్ద మింగుడు పడలేదు. నా చేతులారా నిన్ను చంపుకునేదాన్నిరా. ఆ రోజే వేదాద్రి వెళ్లి, మొక్కింది నేను కాబట్టి నా జుట్టే తీసుకోమని స్వామికి చెప్పి కత్తి ముందు కూర్చున్నాను. సగం తల అయ్యాక పక్కనున్న ముసలమ్మ ఎందుకని అడిగితే సంగతంతా చెప్పాను. "ఒంట్లో బాలేనోళ్లు మూడు కత్తెర్లిస్తే చాలుగదమ్మా, మూడుచోట్ల కాస్త జుట్టు కత్తిరిస్తారంతే, కత్తే తగలదు" అంది. ముందే ఒక్కరినైనా అడిగుంటే నీ గుండె బాగుండేది. అక్కడే కూర్చుని ఏడ్చాను.

ఇట్లు, అక్క

తా.క. సగం గుండుతో బస్సెక్కలేను గదా, మిగతాదీ గీయించేశాను. రేపు నిన్ను చూడ్డానికి వస్తున్నా. నా గుండు చూసి గట్టిగా నవ్వకు, కుట్లు వెయ్యకపోయినా దెబ్బతిన్న గుండె నీది.