మీరు కట్టిన కవరు

ఏమండీ,

మీరు లేని ఈ దసరాకి మీలాగే, చేలో మందు కొట్టే పంపుతో కారు ఇంజను కడిగాను. మళ్లీ స్టార్టవలేదు. దర్శి మెకానిక్ బానెట్ ఎత్తి, “ఇంజను కంప్యూటర్లోకి నీళ్లు పోయాయమ్మా. సారు దీనిమీద పత్తి విత్తనాల కవరు కట్టేవారే, ఏదీ?” అన్నాడు.

చెత్తనుకుని తీసేసింది నేనే. అదెందుకో ఒక్కసారైనా చెప్పారా మీరు?

ఇంత పాత కారుకి కొత్త కంప్యూటరు దొరకదట. వినుకొండలో పాత కార్లు విప్పే షాపులో రెండు చూపించారు. ఒకటి తళతళలాడుతోంది. రెండోది మసి పట్టినా, దాని మీది నంబరు మనదానితో సరిపోయింది. మసిదే తెచ్చాను. కారు నడుస్తోంది.

దానికి కవరు నేనే కట్టాను. దారం ఊడిపోతోంది. ఆ పాత కవరు తీసేసిన రోజు మీ ముడి విప్పలేక కత్తెరతో కోసేశాను. అది ఎలా వేసేవారో చూడనైనా లేదు.