మూడో అంతస్తులో దానమ్మ

భవానీపురం,
12 జూలై 2006

చిరంజీవి కీర్తనకు,

అమ్మ ఆశీస్సులు. నేనూ మీ నాన్నా బాగానే ఉన్నాం. ‘అందరం క్షేమం’ అని రాయబోయి కలం ఆపాను. ఎందుకో కిందకి చదివితే తెలుస్తుంది.

ముందు నువ్వడిగినవాటికి జవాబులు. నాన్న బీపీ మాత్ర మానడం లేదు, నేనే చేతిలో పెడుతున్నాను. ఢిల్లీ వచ్చేవాళ్లు దొరకగానే ఆవకాయ పంపుతాను. పేపర్లో నీ ఫోటో చూశాం. కరకట్ట గుడిసెలవాళ్లకి ఇళ్లు, ఆస్పత్రి, పెన్షను అన్నీ ఒకే చోట నడిపే ఆఫీసరని రాశారు. నాన్న ఆ ముక్క కత్తిరించి జేబులో పెట్టుకు తిరుగుతున్నారు.

అక్కడ నీ ట్రైనింగ్ అయ్యేలోగా దానమ్మని ఒకసారి చూసి రమ్మన్నావు. నిన్ను చంకనేసుకుని పెంచిన మనిషి, తనకి కొత్త ఇల్లొచ్చాక మన గడప తొక్కలేదని నాకూ కాస్త కోపమే. నీ ఉత్తరం అందిన మర్నాడే పులిహోర కట్టుకుని మీరు కట్టించిన కాలనీకి వెళ్లాను.

మూడో అంతస్తు ఎక్కేసరికి నాకే ఆయాసం. తలుపు తీయగానే వాసన. ఆమె ఎడమ పాదం చూసి డబ్బా గడప దగ్గరే పెట్టేశాను. షుగరు పుండు. బొటనవేలు నల్లబడిపోయింది.

"ఇదేంటి దానమ్మా! కిందే డాక్టరుందిగా!"

"ఉందమ్మగారూ. డాక్టరమ్మ కసురుకునేది కూడా ఇక్కడికి వినపడతది. దిగితే మళ్లీ ఎవరెక్కిస్తారు నన్ను?" అని నవ్వింది. "పాప చీటీ తీయించి ఇచ్చిన ఇల్లు. వద్దంటే పాపకి మాటొస్తది."

కిందకి దిగి ఆస్పత్రి గదిలో నర్సుని అడిగాను. "రావట్లేదండీ, అందుకే పేరు తీసేశాం" అంది. పక్క గదిలో ఇళ్లు చూసే ఆయన "జబ్బుల సంగతి మాకు తెలీదండీ. చీటీలో ఏదొస్తే అదే. ఎవరికీ మార్చొద్దని మేడం గారి మాట" అన్నాడు. ఆ రెండు గదులకీ మధ్య ఒకటే గోడ.

నీ మీద మాట రాకూడదని అందరి ముందూ ఇళ్లకి చీటీలు తీయించానన్నప్పుడు నేనెంత పొంగిపోయానో! ఆ చీటీయే నడవలేని మనిషిని మూడో అంతస్తులో కూర్చోబెడుతుందని నీకు తోచలేదు, నాకూ తోచలేదు.

దానమ్మని కుర్చీలో కూర్చోబెట్టి నలుగురు దింపారు. పెద్దాసుపత్రిలో వేలు తీసేశారు. పాదం నిలిచేదీ లేనిదీ ఇంకా చెప్పలేమంటున్నారు. మెట్లు మాత్రం ఎక్కనే కూడదట.

ఇక ఈ పదిహేను రోజులూ ఫోన్లో నీకు చెప్పకుండా దాచిన సంగతి రాస్తున్నాను. చెబితే "నేను చూసుకుంటాలే అమ్మా" అని పెట్టేస్తావు. దానమ్మ ఇప్పుడు మనింట్లోనే ఉంది, నీ గదిలో, నీ మంచం మీద. నీ పుస్తకాలు అటకెక్కించాను. మొదటిరోజు నాన్న ముఖం ముడుచుకున్నారు. ఇప్పుడు ఆ పేపరు ముక్క ఆమెకి ఆయనే చదివి వినిపిస్తున్నారు. "మన పాపేనా బాబూ, ఇంకోసారి చదవండి" అంటుంది. ‘అన్నీ ఒకే చోట’ అన్న దగ్గరికొచ్చేసరికి ఆయన ముక్క మడిచి జేబులో పెట్టేసుకుంటున్నారు.

వచ్చే నెల నువ్వు వచ్చాక నీకు హాల్లో చాప పరుస్తాను. ఆ మెట్ల పైన ఇలాంటివాళ్లు ఇంకెందరున్నారో తలుపు తలుపూ తట్టి చూడు. అందర్నీ కిందికి దింపిన రోజున నీ మంచం నీకిస్తాను.

ఇట్లు,
నీ మీద కోపమూ బెంగా రెండూ ఉన్న
మీ అమ్మ,
రామతులసి