సున్నం పూసిన రాయి

గౌరవనీయులైన రాంచందర్ గారికి,

ఈ నెల పదమూడున మా నానమ్మ మాసికం. ఆమెను పాతిపెట్టిన చోట రాయికి సున్నం పూయాలా వద్దా అన్నది మీ చేతిలో ఉంది. అందుకే ఈ ఉత్తరం రాస్తున్నాను.

మీ కంపెనీ చారిత్రక సాహస గేమ్‌లో నిలువురాళ్ల వలయాన్ని గీసింది నేనే. అది కంది అనే ఊరు దాటాక మా ఊరి చెలకల్లో నిజంగా ఉంది. మా ఇంట్లో చనిపోయినవాళ్లను ఆ రాళ్ల పక్కనే పాతిపెడతాం. ఎవరిది ఏ రాయో గుర్తుండడానికి మాసికం నాడు సున్నం పూస్తాం. నేను ఆ సున్నాన్ని కూడా గీశాను, సంబరంగా బొమ్మ మీద ఊరి పేరు కూడా రాశాను. మీవాళ్లు గేమ్‌లో తెల్లమచ్చ ఉన్న రాళ్ల కింద నిధి పెట్టారు.

పోయిన ఆదివారం ఎవరో మా అమ్మ రాయి కింద తవ్వారు. మెట్టెలు తీసుకొని, ఎముకలు చెలకలో పారేసి పోయారు. ఆ మెట్టెల ఫొటో గేమ్ ఆడేవాళ్ల గ్రూపులో ఉంది. కింద “నిజంగనే దొరుకుతున్నయ్” అని రాశారు. టీమ్ లీడ్ జైపాల్ సార్‌కు చూపిస్తే, “పరేషాన్ గాకు, గిది ఫ్రీ పబ్లిసిటీ గదా” అన్నారు.

నాన్న ఎముకలు ఏరుతూ, “సదివిపిస్తే మీ అమ్మ జాడ జెప్పొచ్చినవా బిడ్డా” అన్నాడు. ఇప్పుడు మిగతా రాళ్ల మీది సున్నం గీకేస్తున్నాడు. తాతది ఏ రాయో అప్పుడే మరిచిపోయాడు.

గేమ్‌లోంచి తెల్లమచ్చనూ మా ఊరి పేరునూ తీసేయండి. తీయకపోతే నానమ్మ రాయికి సున్నం పూయం. దయచేసి పన్నెండో తేదీలోపు జవాబు రాయండి.

ఇట్లు,
మీ దగ్గర బొమ్మలు గీసే ఉద్యోగి