మామయ్యకు టర్కీ మీట్‌లోఫ్

డులూత్, సోమవారం

అత్తయ్యా,

మామయ్య గుండె గురించి బెంగపడకండి, నేనున్నాను. నిన్న కైమా ముద్దను రొట్టెలా కాల్చి మీ మీట్‌లోఫే చేశాను కానీ గొడ్డుమాంసానికి బదులు టర్కీ కోడి కైమా, బ్రెడ్ పొడికి బదులు ఓట్స్, సన్నగా తరిగిన పుట్టగొడుగులు వేశాను.

"ఇది ఆస్పత్రి తిండమ్మాయ్! మర్నాడు శాండ్‌విచ్‌లోకి పనికొస్తేనే అది మీట్‌లోఫ్" అని మామయ్య మూతి ముడిచారు.

ఇవాళ శాండ్‌విచ్ చేసి చూపిద్దామని ఫ్రిజ్ తీస్తే పళ్లెం ఖాళీ.

"పిల్లి తినుంటుంది" అన్నారు, గడ్డం మీద కెచప్ మరకతో.

మనింట్లో పిల్లెక్కడిది?

లొరేన్ వదినకి కాన్పు సులువైందా? బిడ్డది ఎవరి పోలిక? ఇద్దరికీ నా ముద్దులు. అన్నట్టు, మీట్‌లోఫ్ కాల్చే రెండో గిన్నె ఎక్కడ దాచారు? ఒకటి చాలడం లేదు.

మీ కోడలు,
ఆడ్రీ