నాలుగో లెవెల్ వైద్యురాలు

ఆదివారం, సాయంత్రం

వదినకి,

నమస్కారాలు. నేను క్షేమం, నువ్వూ అన్నయ్యా చంటిదీ క్షేమమని తలుస్తాను అని మొదలుపెడితే పొట్ట పట్టుకుని నవ్వుతావు. మధ్యలో ఒక్క గోడ పెట్టుకుని ఉత్తరమేమిటే అంటావు. ఏం చేయను? మనింట్లో నేను మాట మొదలుపెడితే చాలు, కళ్ళజోడు ముక్కు మీద నిలవట్లేదంటూ ఎవరో ఒకరు షాపులోకి వస్తారు. కాగితానికైతే ఎవరూ అడ్డు రారు.

విషయం మన ఆట గురించే. ఆదివారం షట్టరు సగం దించి, వెనక గదిలో బల్ల చుట్టూ చేరి, నువ్వు కథ నడుపుతుంటే మేం తలా ఒక పాత్రై పాచికలు వేసుకునే ఆట. అందులో నువ్వు పెట్టిన లెవెల్ రూలు నాకు అస్సలు నచ్చలేదు. పాయింట్లు కూడబెడితే సరిపోదు, పై లెవెల్‌కి వెళ్ళాలంటే పాత్ర కోట వదిలి, పట్నంలో మూడు ఆదివారాలు గురువు దగ్గరుండి నేర్చుకోవాలి, అన్నాళ్ళూ ఆడే మనిషి బల్ల దగ్గర కూర్చోకూడదు అన్నావు. డ్రాయింగ్ టీచరువి కదా, ఊరికే మార్కులు వేయవు. విన్నప్పుడు బాగుందే అనుకున్నాను కూడా.

కానీ జరుగుతున్నదేమిటో చూడు. అన్నయ్య ఖడ్గవీరుడు వెళ్ళొచ్చాడు, తొమ్మిదో లెవెల్. పక్క షాపు గడియారాల బాబాయి మాంత్రికుడు వెళ్ళొచ్చాడు, ఇప్పుడు వేలు చూపిస్తే గోడలు కూలుతున్నాయి. కొరియర్ డెలివరీలు చేసే మన తొందరబాబు ఆడే దొంగ అయితే రెండుసార్లు వెళ్ళొచ్చాడు. వాళ్ళు నేర్చుకుంటున్నన్నాళ్ళూ కోటలో మిగిలినవాళ్ళకి కట్లు కట్టిందెవరు? నా వైద్యురాలు. పాయింట్లు అందరికంటే ఎక్కువ, లెవెల్ మాత్రం నాలుగు. వెళ్తానన్నప్పుడల్లా ఈ ఒక్క సొరంగం దాటనీ అంటారు. అది దాటితే నేలమాళిగ, నేలమాళిగ దాటితే ఇంకో సొరంగం. వాటిని గీసేది నువ్వే తల్లీ, నీ పెన్సిల్ అరిగిపోనూ!

ఇవాళ మొండికేశాను. అందరూ సరేనన్నారు. నువ్వూ తలూపావు. నా వైద్యురాలు మూట సర్దుకుని కోట దాటింది. నేను కుర్చీ వెనక్కి జరిపానో లేదో, ఎలాగూ ఖాళీయే కదా, నాలుగు టీలు పెట్టమ్మా అన్నాడు అన్నయ్య. పెట్టాను. షట్టరు కింద నుంచి ఒకాయన వంగి చూసి అద్దం ఊడిందన్నాడు. అదీ బిగించి పంపాను. తిరిగొచ్చేసరికి ఖడ్గవీరుడు నెత్తుటి మడుగులో ఉన్నాడు. పాచికలు కలిసి రాలేదట. ఎవరూ నన్ను రమ్మనలేదు. బాబాయి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. తొందరబాబు, ఎన్నాళ్ళ నుంచి పెంచుకున్న పాత్రో పాపం అన్నాడు. అన్నయ్య నవ్వి, పర్లేదులే తల్లీ, పోతే పోయాను, నువ్వు వెళ్ళు అన్నాడు. అంతే. వైద్యురాలిని సగం దారిలోంచి వెనక్కి తిప్పింది నేనే. మీరంతా చప్పట్లు కొట్టారు. నాకు ఏడుపొచ్చింది.

కంటి పరీక్షల కోర్సు సంగతీ ఇంతే కదా వదినా. మొదటిసారి సీటొచ్చినప్పుడు కొత్త షోకేసులు బిగించేదాకా ఆగమన్నాడు అన్నయ్య. రెండోసారి నీ కాన్పు. ఇప్పుడు చంటిది నడిచేదాకా. అది ఇవాళో రేపో నడుస్తుంది, ఆ తర్వాత దాని వెనకాల పరిగెత్తడానికి మనిషి కావాలి. నేనేమో స్క్రూలు బిగిస్తూనే ఉన్నాను. నా చూపెందుకు తగ్గిందమ్మా అని ఎవరైనా అడిగితే, డాక్టరుగారిని అడగండి అంటాను. అన్న ప్రతిసారీ ఒళ్ళు మండుతుంది. ఒక్కోసారి ఆ వెనక గదిలో, అద్దాలు అరగదీసే మిషను పక్కన, ఊపిరాడదు నాకు. అన్నయ్య చెడ్డవాడైతే ఎంత సుఖంగా ఉండేది! నాలుగు మాటలు దులిపేసి, తలుపు దభీమని వేసి పోయేదాన్ని. నాకు జ్వరమొస్తే షాపు మూసి మంచం పక్కన కూర్చునే మనిషిని ఏమని తిట్టను?

నీ మీదా కోపముంది. అన్నీ చూస్తావు, ఒక్క మాటా అనవు. అంతలోనే జాలేస్తుంది. మాకు లెవెళ్ళైనా ఉన్నాయి, నీకు అసలు పాత్రే లేదు. రాక్షసులకి గొంతు మారుస్తూ, నీ పటాలు మాకు కనపడకుండా నిలబెట్టుకున్న అట్ట వెనకాలే ఉండిపోయావు. పెళ్ళైన కొత్తలో నీ బొమ్మలు ప్రదర్శనకి పెట్టాలని ఉందన్నావు. మళ్ళీ ఆ మాట నువ్వు ఎత్తలేదు, నేనూ అడగలేదు.

కాబట్టి రూలు మార్చు. వెళ్ళొచ్చినవాళ్ళకే కాదు, ఉండిపోయి అందరినీ నిలబెట్టినవాళ్ళకీ ఒక లెవెల్ ఇవ్వు. అది కుదరదంటావా, వెళ్ళేవాళ్ళని చూసి ఎవరూ నవ్వుతూ త్యాగాలు చేయకూడదని ఇంకో రూలు పెట్టు. చంటిదానికి ముద్దులు.

ఇట్లు,
గోడవతలి నీ ఆడపడుచు

తా.క.: ఇది శుక్రవారం రాస్తున్నాను. ఆదివారం రాత్రే ఉత్తరం నీ చేతికిద్దామని వస్తే నువ్వు చంటిదాన్ని నిద్రపుచ్చుతున్నావు. వెనక్కి వెళ్ళిపోయాను. లెన్సుల కంపెనీకి స్టాకు తేవడానికి వెళ్తున్నానన్నది అబద్ధం వదినా. మూడోసారి సీటొచ్చింది. ఎవరికీ చెప్పలేదు. కోర్సులో చేరిపోయాను, హాస్టల్లో ఉన్నాను. స్టాకు ఇంకా రాలేదని ఫోనులో అన్నయ్యకి బొంకుతూనే ఉన్నాను. నిన్న మొదటిసారి ఒక మనిషి కంటి లోపల ఎలా ఉంటుందో చూపించారు. చెప్పుకోవడానికి నువ్వు పక్కన లేవే అనిపించింది. అన్నయ్యకి మెల్లగా చెప్పు. కోప్పడితే కోప్పడనీ, ఏడిస్తే ఏడవనీ. ఇక్కడికి మాత్రం రానివ్వకు. గేటు దగ్గర నిలబడి, నీ బ్యాగేదమ్మా అన్నాడంటే, తెచ్చి చేతికిచ్చేస్తాను.