మడమవైపు అంచు

హిగాషికవా,
డిసెంబర్ 9, మంగళవారం.

చిరంజీవి ఫుమినోకి,

నాన్న రాస్తున్నాను. మీ అమ్మా నేనూ ఆరోగ్యంగానే ఉన్నాం. నువ్వూ అలాగే ఉన్నావని నీ ఉత్తరం చూసి తెలుసుకున్నాం. ఈ ఉదయం ఆరింటికి బయట మైనస్ పదిహేడు. మంచు పొడిగా ఉంది. కొండ మీద స్కీ లిఫ్టులు శనివారం నుంచి తిరుగుతున్నాయి.

నువ్వు అడిగినవాటికి ముందు జవాబు చెబుతాను. అమ్మ మోకాలు పోయినేడు కన్నా నయం. డాక్టరు మెట్లు ఎక్కొద్దన్నాడు, ఈవిడ ఎక్కుతూనే ఉంది. హెర్రింగ్ చేప వేసి క్యాబేజీ ఊరగాయ పెట్టింది. పీపా ఈసారి నేనే మోశాను. నువ్వు పంపిన కరుకాన్ కేకు అందింది. నేను మూడు ముక్కలు తిన్నానని రాయమంది, రాశాను. అక్కడి అగ్నిపర్వతం బూడిద ఆరేసిన బట్టల మీద పడుతోందన్నావు. గదిలోనే ఆరేసుకో. షెడ్డులో పాత పొయ్యి తీసేసి కొత్తది పెట్టాను. బోర్డులు అతికే ప్రెస్‌లో కింది వేడిపలక ఒక మూల సరిగా కాలడం లేదు, అది కొత్త సంవత్సరం తర్వాత చూడాలి.

పని ఉంది. ఈ చలికాలానికి తొమ్మిది స్నోబోర్డులు ఒప్పుకున్నాను. ఇప్పుడు చేస్తున్నది ఫురానోలో ఉత్తరాలు పంచే ఒకావిడకి. యాభైనాలుగు కిలోల మనిషి, చిన్న పాదం. ఇంతకుముందు ఎవరో ఆవిడకి మగవాళ్ళ కొలత బోర్డు అంటగట్టారు. బోర్డు నడుము దగ్గర అంత వెడల్పు ఉంటే ఒక అంచు మీంచి రెండో అంచు మీదకి మారేలోపే మలుపు దాటిపోతుంది. కొలతలకి వచ్చినప్పుడు ఆవిడ, "నేను కాస్త మందకొడి మనిషినండీ, పదేళ్ళయినా మలుపులు రాలేదు" అంది. "మందకొడి మీరు కాదు, ఆ బోర్డు" అన్నాను. ఆవిడ వెళ్ళాక ఆ రోజు ఇంక రంపం పట్టుకోలేకపోయాను. ఎందుకో కింద రాస్తాను.

నీ ఉత్తరంలో అసలు సంగతులు రెండు. ఒకటి, నీ బోర్డు ఇంక నీకు అక్కర్లేదు కాబట్టి అత్త కూతురు సావకోకి ఇచ్చెయ్యమన్నావు. రెండు, మీ ఓడల కంపెనీ నిన్ను యకుషిమా ద్వీపంలో ఆఫీసు చూసుకోమంటే వద్దని రాసివ్వబోతున్నావు. నెలాఖరులోగా జవాబు ఇవ్వాలన్నావు. నువ్వు రాసిన కారణం నాలుగుసార్లు చదివాను. "నేను భయస్తురాలిని నాన్నా, అది మంచు మీదే తేలిపోయింది కదా, ఒక ఆఫీసు ఒంటిచేత్తో నడపడం నాలాంటివాళ్ళ పని కాదు" అని రాశావు.

దీనికి ఫోన్లో జవాబు చెప్పలేను. ఫోన్లో నాన్న "ఊఁ" తప్ప ఏమీ అనడని నువ్వే వెక్కిరించేదానివి. అందుకని రాస్తున్నాను. రెండుసార్లు రాసి చింపేశాను.

నీ బోర్డు నేను చేసినవాటిలో ముప్పై ఎనిమిదోది. అంతకుముందు చేసినవన్నీ ఎడమా కుడీ ఒకేలా ఉండేవి. నీకు మాత్రం తేడాగా చేద్దామనుకున్నాను. వేళ్ళవైపు అంచు మీద వాలినప్పుడు చీలమండ, మోకాలు మనిషికి సాయం చేస్తాయి. మడమవైపు వాలినప్పుడు ఆ సాయం ఉండదు, కుర్చీ లేకుండా కూర్చున్నట్టు ఉంటుంది. అందుకని మడమవైపు అంచుకి వంపు కాస్త ఎక్కువ పెట్టి, ఆ వంపుని కాస్త వెనక్కి జరిపితే రెండు మలుపులూ సమానంగా వస్తాయి. ఎడమ కాలు ముందు పెట్టే నీకు ఏ వైపు ఎంత ఉండాలో మూడు వారాలు బొమ్మ గీశాను. నాకు కుర్చీలు, బల్లలు చెయ్యడం తప్ప వేరే చదువు లేదని నీకు తెలుసు. అయినా ఆ బొమ్మలో తప్పు లేదు. ఇప్పటికీ లేదు.

తప్పు కోతలో జరిగింది. బోర్డు మూసలో బోర్లా కాదు, అడుగు కిందికే ఉండేలా పొరలుగా కిందినుంచి పైకి వస్తుంది. ముందు అడుగు పలక, దాని చుట్టూ ఉక్కు అంచు. దాని మీద గాజు నార, లోహపు రేకు, తమో చెక్క, మళ్ళీ రేకు, మళ్ళీ నార. అడుగు పలక ఏ ఆకారంలో ఉంటే బోర్డు ఆ ఆకారం. ఆ పలకకి ఒక ముఖం నున్నగా ఉంటుంది, అది మంచుకి. రెండోది గరుకు, అది జిగురుకి. నేను మొదటినుంచీ నున్నటి ముఖం పైకి పెట్టి, దాని మీద అచ్చు పలక ఆనించి కోసేవాణ్ణి. గరుకు ముఖం బల్లని పట్టుకుంటుంది, కదలదు. కోశాక తిరగేసి మూసలో పెట్టేవాణ్ణి. పదకొండేళ్ళు అలాగే చేశాను. రెండు వైపులూ ఒకటే అయినప్పుడు తిరగేసినా ఏమీ కాదు.

నీదీ అలాగే కోసి తిరగేశాను.

మడమవైపుకి పెట్టిన వంపు వేళ్ళవైపుకి వెళ్ళిపోయింది. అది కుడి కాలు ముందు పెట్టేవాళ్ళ బోర్డు అయింది. నడుము దగ్గర తేడా రెండు మిల్లీమీటర్లు కూడా ఉండదు, కంటికి ఆనదు. ఆ రోజు నా పుస్తకంలో ఇలా ఉంది: "నవంబర్ 14. గది 21 డిగ్రీలు. జిగురు 412 గ్రాములు. ప్రెస్ 80 డిగ్రీలు, 45 నిమిషాలు. ఫుమినో బోర్డు. అన్నీ సరి." ఏ ముఖం ఎటు పెట్టానో రాయడానికి ఆ పుస్తకంలో గడి లేదు.

రెండేళ్ళ కిందటి ఆ జనవరిలో లిఫ్టు కింద మనం మాట్లాడుకున్నది నీకు గుర్తుండే ఉంటుంది. నాకు మాటతో సహా గుర్తుంది.

"నాన్నా, మడమవైపు ఇది ఆలస్యంగా పట్టుకుంటోంది. ఒక్క క్షణం జారి అప్పుడు పడుతోంది" అన్నావు.

"కొలతలు సరిగ్గానే ఉన్నాయి. మోకాళ్ళు ఇంకాస్త వంచు" అన్నాను.

"వంచుతూనే ఉన్నాను. ఇంకా వంచితే కూర్చోవడమే."

"అయితే కూర్చో."

నువ్వు నవ్వలేదు. నేనూ నవ్వలేదు. మర్నాటి నుంచి లిఫ్టు తెరిచిన దగ్గర్నుంచి మూసేదాకా మడమవైపు మలుపులే తిప్పావు. తొడలు పట్టేసి ఇంట్లో మెట్లు దిగలేక గోడ పట్టుకుని దిగేదానివి. నేను చూస్తూ కూడా బోర్డుని ఒకసారి కొలవలేదు. నా పుస్తకంలో "అన్నీ సరి" అని ఉంది కాబట్టి తప్పు నీ కాళ్ళదే అనుకున్నాను. ఫిబ్రవరిలో స్నోబోర్డు ప్రదర్శకుల జట్టు ఎంపికలో ముగ్గుర్ని తీసుకున్నారు, నీకు ఐదో స్థానం వచ్చింది. మార్కులు వేసిన హతకెయామా గారు కాగితం మీద "మడమవైపు మలుపులో భయం కనబడుతోంది, ఇది స్వభావానికి సంబంధించినది" అని రాశారు. నువ్వు ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నావు. ఏప్రిల్‌లో కగోషిమా వెళ్ళిపోయావు.

ఆ జూన్‌లో ఆవుల పాక నడిపే మన ఒనోదెరా వచ్చి తనకీ అలాంటి బోర్డే కావాలన్నాడు. కొలత చూద్దామని నీది గోడ మీంచి దించి, పైన కాగితం పరిచి అంచులు గీశాను. ఆ కాగితం తీసుకెళ్ళి బొమ్మ మీద పెట్టాను. కలవలేదు. కాగితం జరిగిందేమో అనుకుని మళ్ళీ గీశాను. కలవలేదు. కాగితాన్ని తిరగేసి పెట్టాను. వెంట్రుకవాసి తేడా లేకుండా కలిసింది. ఆరుసార్లు చూశాను ఫుమినో.

అప్పుడే నీకు చెప్పాల్సింది. చెప్పలేదు. పిల్ల కొత్త ఊళ్ళో కుదురుకుంటోంది, ఇప్పుడెందుకు కదపడం అని నాకు నేను చెప్పుకున్నాను. అది సాకు. నాకు భయమేసింది. నువ్వు నా మాట నమ్మి నీ కాళ్ళని తప్పుపట్టుకున్నావు కదా, ఆ నమ్మకం పోతుందని భయమేసింది.

పోయిన జనవరిలో ఒనోదెరాకి నీ బోర్డు ఇచ్చి కొండ మీదకి తీసుకెళ్ళాను. అతను కుడి కాలు ముందు పెడతాడు. నా లెక్క నిజమా కాదా తేల్చుకుందామని వెళ్ళాను, అబద్ధమైతే బాగుండునని కూడా ఉంది. మూడు మలుపులు తిరిగి వచ్చి నా ముందు ఆగాడు.

"ఏరా షిగే, నా కాళ్ళు కొలిచి చేశావా దీన్ని? మా ఆవులు పాకలోకి కూడా ఇంత మెత్తగా తిరగవు" అన్నాడు.

"నీకోసం చెయ్యలేదు. మా అమ్మాయిది."

"మీ అమ్మాయి ఎడమ కాలు ముందు పెడుతుంది కదరా?"

"అవును."

అతను కళ్ళద్దాలు పైకి నెట్టి బోర్డు వైపు చూశాడు, నా వైపు చూశాడు. "ఆ పిల్లకి చెప్పావా?" అన్నాడు. లేదన్నాను. "నీ నోట్లోంచి మాట లాగడం కన్నా ఆవు కడుపులోంచి దూడని లాగడం సులువు" అని, బోర్డు విప్పి నా చేతికిచ్చాడు.

అయినా ఇంకో ఏడాది గడిపేశాను. నీ ఈ ఉత్తరం రాకపోతే ఇంకా గడిపేవాణ్ణేమో. సావకో కూడా ఎడమ కాలే ముందు పెడుతుంది. ఆ బోర్డు ఇస్తే ఆ పిల్ల కూడా తన కాళ్ళని తిట్టుకుంటుంది. నీ కారణం చదివాక అమ్మకి మొత్తం చెప్పాను. ఆవిడ ముల్లంగి తరగడం ఆపలేదు.

"ఎన్నాళ్ళైంది మీకు తెలిసి?"

"ఏడాదిన్నర."

"మీరు రాస్తారా, నేను రాయనా? నేను రాస్తే మర్యాదగా ఉండదు" అంది. ఆ తర్వాత రెండు రోజులు నాతో అన్నం విషయం తప్ప మాట్లాడలేదు.

మొన్న శనివారం నీ బోర్డు పట్టుకుని హతకెయామా గారి దగ్గరికి వెళ్ళాను. జరిగింది చెప్పాను.

"ఇప్పుడేం లాభం సకమాకి గారూ, ఆ ఏటి జాబితా ఎప్పుడో అయిపోయింది" అన్నారు.

"జాబితా కోసం రాలేదండీ. మీరు రాసిన వాక్యం కోసం వచ్చాను."

"నేను చూసిందే రాశాను. మలుపు ఆలస్యంగా వచ్చింది."

"వచ్చింది. ఎందుకు వచ్చిందో మీరు రాసింది తప్పు. ఆ తప్పు మీ చేత చేయించింది నేను."

ఆయన కాసేపు బోర్డు తిప్పి చూసి, తన బూట్లు బిగించుకుని లిఫ్టు ఎక్కారు. ఆయనా నీలాగే ఎడమ కాలు ముందు పెడతారు. మూడుసార్లు దిగారు. రెండోసారి మడమవైపు మలుపులో పిరుదుల మీద పడ్డారు. ముప్పై ఏళ్ళ అనుభవం ఉన్న మనిషి. పైకి లేచి మంచు దులుపుకుంటూ నా దగ్గరికి వచ్చి, "దీని మీద ఆ అమ్మాయి ఐదో స్థానం ఎలా తెచ్చుకుందండీ?" అని అడిగారు. నేను మంచులో నిలబడి బోర్డు తుడుచుకుంటూ ఉండిపోయాను.

"ఈ మాట ఫుమినోకి చెప్పండి" అన్నారు.

"మీరు చెబితే బాగుంటుంది."

"చెబుతాను. కానీ ముందు చెప్పాల్సింది మీరు కదా."

నిజమే. ఆయన ఉత్తరం కూడా నీకు వస్తుంది, నాది ముందు అందాలని ఈరోజే పోస్టు చేస్తున్నాను.

ఇప్పుడు ప్రతి అచ్చు పలక మీదా ఎర్ర రంగుతో "ఈ ముఖం నేలకి" అని రాశాను. పుస్తకంలో ఒక గడి పెంచాను. దానివల్ల నీ ఆ చలికాలం తిరిగి రాదని తెలుసు. నీకు సరైన బోర్డు ఒకటి చెయ్యాలని ఉంది. అది నా మనసు తేలికపడడానికే అనిపిస్తే వద్దను. పాత బోర్డు నీది. ఒనోదెరా అడుగుతున్నాడు, ఏమీ చెప్పలేదు. ఇవ్వమంటే ఇస్తాను, విరగ్గొట్టమంటే విరగ్గొడతాను. సావకోకి మాత్రం కొత్తది చేస్తాను, అత్తకి చెప్పాను.

కోపం వస్తే కోపంగానే రాయి. కొన్నాళ్ళు రాయాలని లేకపోతే రాయకు, అమ్మకి మాత్రం ఫోన్ చెయ్యి.

ద్వీపం సంగతి నీ ఇష్టం. అక్కడ వానలు ఎక్కువని, అలలు లేస్తే ఓడ రాని రోజులుంటాయని విన్నాను. ఊరు నచ్చకపోతే వద్దను. పని ఎక్కువనిపిస్తే వద్దను. స్నేహితుల్ని వదిలి వెళ్ళాలని లేకపోతే వద్దను. ఏం చెప్పినా నేను, అమ్మ మారుమాట అనం. కానీ భయస్తురాలినని మాత్రం ఆ కాగితం మీద రాయకు. రెండేళ్ళుగా నువ్వు మోస్తున్న ఆ మాట నీ స్వభావంలోంచి వచ్చింది కాదు, నా బల్ల మీద తయారైంది. అది నాది. నాకు తిరిగి ఇచ్చెయ్యి.

ఇట్లు,
నువ్వు ఏం రాసినా చదువుకునే
నాన్న,
సకమాకి షిగెనోరి